స్టేజీకి ఎడమ పక్కన నీ ఆంప్

శ్రీనన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ రోజు సిద్దిపేటలోనే ఒక రిసెప్షన్‌కి వాయించాను. పదేళ్లు నా ఎడమ పక్కన నిలబడి గిటారు వాయించావు కదా, ఆ జాగా ఖాళీగా కనిపించకూడదని నీ ఆంప్ స్పీకర్ కూడా తెచ్చి అక్కడే పెట్టాను. నాది కుడి పక్కన. నా ఒక్క గిటారునే స్టీరియోలో రెండింటికీ కలిపాను: నాదాంట్లో అసలు వాయింపు, నీదాంట్లో దాని ఎకో.

మనలో ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు హాలంతా తిరిగి వినేవాళ్లం. ఈసారి వాయించింది కాలి కింది పెడల్‌లో రికార్డు చేసి, అదే మళ్లీ మళ్లీ మోగేలా వదిలి, నేనే తిరిగాను. ఎడమ వైపు భోజనాల బల్లల దగ్గర ఎకో ఒక్కటే వినిపించింది. పాట లేదు.

మిక్సర్ దగ్గరున్న యాదగిరి అన్నాడు: "అన్నా, గిట్లయితే సగం మందికి ఏం సమజ్ గాదు. మోనో పెట్టు, అందరికి ఒక్కతీరు వినవడ్తది. ఒక ఆంప్ తీసెయ్."

నువ్వున్నా అదే అనేవాడివి. కోపమొచ్చింది. వాడి మీద కాదు, నీ మీద.

నా ఆంప్ తీసి ఆటోలో పెట్టేశాను. నీదాంట్లోనే వాయించాను. కీచుదనం పెంచే ట్రెబుల్ నాబ్ నువ్వు వదిలిన చోటే ఉంది. నీ మెత్తటి చేతికి సరిపోయేది, నా చేతికి చెవులు కోసేలా మోగింది. ముందు వరుసలో ఒక పెద్దావిడ చెవులు మూసుకుంది. తగ్గించమని యాదగిరి రెండుసార్లు చేత్తో సైగ చేశాడు.

ఆ నాబ్ ముట్టుకోలేదన్నా.