సర్ నోట మిగిలిన తుళు

11 జూన్ 1996, ధారవాడ

స్ట్రోక్ వచ్చి నలభై రోజులు. దేజప్ప రై సర్‌కి కన్నడం పోయింది. పదకొండు నవలలు రాసిన మనిషి, ముప్పై ఏళ్లు కన్నడం పాఠాలు చెప్పిన ప్రొఫెసర్, ఇప్పుడు మంచినీళ్లు కూడా కన్నడంలో అడగలేరట. చిన్నప్పటి తుళు ఒక్కటే మిగిలిందట. భార్య ఇందుమతమ్మది ఈ ఊరే, ఆమెకి తుళు ముక్క రాదు. ఇక్కడున్న శిష్యుల్లో తుళు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. రమ్మని కబురు.

12 జూన్

వెళ్లాను. గంజి, మామిడికాయ ఊరగాయ అడుగుతున్నారు పాపం. ఇందుమతమ్మ జొన్నరొట్టె పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. “ముప్పై నాలుగేళ్లు కాపురం చేశాక మొగుడికి దుబాసీని పెట్టుకోవాల్సి వచ్చింది చూడవే వారిజా” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎమ్మేలో ఒకసారి ఆయనతో తుళులో మాట్లాడితే క్లాసందరి ముందూ బయటికి పొమ్మన్నారు. ఇవాళ నా చెయ్యి వదల్లేదు.

16 జూన్

గంజి తాగారు. ఇంకేం లేదు.

19 జూన్, సాయంత్రం

ఏడుస్తున్నారు. అక్క తలుపు కొడుతోందట.

సర్ పేరు చెప్పగానే అందరూ తలుచుకునే నవలలో అక్క వరదకి కొట్టుకుపోతుంది. అది సొంత అక్క కథేనని ఆయనే చెప్పుకున్నారు. పదేళ్లుగా దాన్ని నేను పాఠం చెబుతున్నాను. ఇవాళ ఆయన చెప్పింది వేరు. అత్తింట్లో దెబ్బలు పడలేక అక్క వానలో నడిచి పుట్టింటికి వచ్చింది. గడియ తియ్యొద్దన్నాడు తండ్రి. తలుపు పక్కనున్నది ఈయన. పదహారేళ్లు. తియ్యలేదు. తెల్లారి బావిలో తేలింది.

ఏమంటున్నారని ఇందుమతమ్మ అడిగింది. గంజి వేడిగా ఉందంటున్నారని చెప్పాను.

“గంజికి ఏ మగాడూ ఇంతలా ఏడవడు” అంది.

23 జూన్

ఇందుమతమ్మకి అంతా చెప్పేశాను.

ఆ నవల మూడుసార్లు ఫెయిర్ కాపీ రాసింది తనేనట. వరద దగ్గరికి వచ్చినప్పుడల్లా ఏడ్చిందట. ఆయన పక్కన కూర్చుని ఓదార్చేవారట. ఎందుకు తియ్యలేదో అడగమంది. వద్దమ్మా అన్నాను. “అడుగు” అంది.

అడిగాను. సర్ కిటికీ వంక చూస్తూ, మర్నాడు కన్నడం పరీక్ష, చదువుకుంటున్నాను అన్నారు.

ఉన్నదున్నట్టు ఆమెకి చెప్పాను. లేచి వంటింట్లోకి వెళ్లింది.

1 జూలై

సర్ పోయారు.

6 జూలై

సంతాప సభ. వరద అధ్యాయం గురించి మాట్లాడమన్నారు. మాట్లాడాను. చాలామంది కళ్లు తుడుచుకున్నారు.

13 జూలై

ఇందుమతమ్మ వచ్చింది. తుళు నేర్పమంది. ఇంకెవరితో మాట్లాడతారమ్మా అన్నాను.

వాళ్లక్కతో, అంది.