జెల్ అక్కర్లేని పైపు

జూన్ 2

ట్రైనింగ్ మొదటి రోజు. ఇనుములోకి శబ్దం పంపిస్తే, వెల్డింగ్‌లో పగులు ఉన్నచోట అది తగిలి వెనక్కొచ్చి స్క్రీన్ మీద గీతలా లేస్తుంది. ఈ ముక్క చెప్పడానికి మా ట్రైనర్‌కి ఒక పూట పట్టింది. ఆయన చేతులు, మోచేతులు, జేబు, అన్నీ జెల్. శబ్దం పంపే ప్రోబ్‌కీ ఇనుముకీ మధ్య జెల్ పూయకపోతే శబ్దం లోపలికే పోదని, పగులున్నా స్క్రీన్ ఖాళీగానే ఉంటుందని సాయంత్రం దాకా అదే పాట. జిగురాయన అని పేరు పెట్టాను. నా కొత్త చొక్కాకీ అంటించాడు మహానుభావుడు.

జూన్ 3

తుప్పూ జెల్లూ కలిసిన మరక. అమ్మ రెండుసార్లు ఉతికినా పోలేదు. ఇంజినీరింగ్ చదివించింది ఇందుకా అని సణిగింది.

జూన్ 5

సిమ్యులేటర్ వచ్చింది. చదువంటే ఇదీ. ప్లాస్టిక్ పైపు మీద ఉత్తుత్తి ప్రోబ్ జరిపితే చాలు, పగుళ్లన్నీ స్క్రీన్ మీద లేస్తాయి. జెల్ లేదు, తుప్పు లేదు. జిగురాయన మాత్రం మూల కుర్చీలో కూర్చుని, దీనిమీద కూడా ప్రతిసారీ జెల్ పూసినట్టు చెయ్యి ఆడించమంటాడు. గాలికి జెల్ పూయాలట! అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

జూన్ 9

నా స్కోరు తొంభై ఎనిమిది. పక్క సీటు నిద్రమొహానికి యాభై రెండు. ఇంకా గాలికి జెల్ పూస్తూనే ఉన్నాడు, పాపం గురుభక్తి.

జూన్ 10

స్కోరు చూసి మేనేజర్ నన్ను నేరుగా ఫ్యాక్టరీ సైట్‌కి వెళ్లమన్నాడు. ముందు అసలు పైపుల మీద చెయ్యి తిరగాలని జిగురాయన అడ్డుపడ్డాడు. కుళ్ళు, ఇంకేముంది.

అన్నయ్య అదే ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటర్. కొత్త స్టీమ్ పైపు సరిగ్గా తన కుర్చీ మీదుగా వెళుతుందట. కాస్త చూసి చెయ్యమన్నాడు, నెత్తి తనదని. నేను వీడియో గేమ్ ఆడి ఇన్‌స్పెక్టర్ అయ్యానని వెక్కిరించాడు కూడా. వాల్వులు తిప్పుకునే మనిషికి ఏం తెలుస్తుంది.

జూన్ 12

ఒంటరిగా మొదటి డ్యూటీ. మెషిన్ జిగురాయనే సెట్ చేసి ఇచ్చాడు, చంటిపిల్లకి పలక ఇచ్చినట్టు. కొత్త స్టీమ్ పైపు మీద నాలుగు వెల్డింగ్ జాయింట్లు. గుడ్డతో శుభ్రంగా తుడిచి ప్రోబ్ జరిపాను. స్క్రీన్ మీద ఒక్క గీత లేదు. గంట కూడా పట్టలేదు. ఆయనైతే సాయంత్రం దాకా పాకుతూ ఉండేవాడు. అన్నీ ఓకే అని సంతకం పడేశాను. ఇంత స్పీడా అని సూపర్‌వైజర్ నోరెళ్లబెట్టాడు. రేపు ఎనిమిదింటికి స్టీమ్ వదులుతారు.

జూన్ 13, ఉదయం 6:20

నిన్నటి చొక్కా బకెట్‌లో వేయబోతూ అమ్మ మెచ్చుకుంది. ఇన్నాళ్లకి శుభ్రంగా పని చెయ్యడం వచ్చిందట. ఒక్క మరక కూడా లేదట.

ఒక్క మరక కూడా లేదు.

బ్యాగు తీసి చూశాను. జెల్ సీసాకి సీలు కూడా విప్పలేదు. సిమ్యులేటర్ మీద జరిపినట్టే జరుపుకుంటూ పోయాను. శబ్దం లోపలికి పోనేలేదు. నేను చూసింది ఖాళీ స్క్రీన్, జాయింట్లు కాదు. అన్నయ్య ఆరింటికే డ్యూటీ ఎక్కాడు. ఫోన్లు లాకర్లో పెట్టేస్తారు.

6:35

జిగురాయనకి ఫోన్ చేసి చెప్పేశాను. తిట్టలేదు. స్టీమ్ తను ఆపిస్తానని, నన్ను బయల్దేరమని, సీసా మర్చిపోవద్దని అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

సాయంత్రం

జెల్ పూసి మళ్లీ చూశాను. మూడో జాయింట్ దగ్గర గీత నిలువునా లేచింది. పగులు. కింద చూస్తే అన్నయ్య కుర్చీ.

అక్కడ కోసి మళ్లీ వెల్డింగ్ చేస్తున్నారు. నా పుణ్యమా అని డబుల్ డ్యూటీ పడిందని అన్నయ్య విసుక్కున్నాడు. నిన్నటి సంతకం సంగతి తనకి ఇంకా తెలియదు.

జూన్ 14

ఈ మరకల చొక్కా ఉతకొద్దని అమ్మకి చెప్పాను.