అంజమ్మ ఒక్కపొద్దు

శనివారం రాత్రి

తాండూరు నుంచి రైలు దిగి ఇల్లు చేరేసరికి ఒళ్లు హూనమైంది. వికారాబాద్‌లో వాన. అన్నం తినబుద్ధి కాలేదు.

పక్షవాతంతో మా వార్డులో చేరిన యాలాల్ బాలమణమ్మకు ఇవాళ కూడా మాట రాలేదు. వారంలో రెండు రోజులు బీపీ గోలీ వేసుకునేది కాదట. ఎందుకని ఆమె చెల్లెలు అంజమ్మను అడిగాను.

"అన్నం తిన్నంక ఏసుకోమన్నరు గద సిస్టరమ్మా. సోమారం, శనారం అక్కది ఒక్కపొద్దు, అన్నం ముట్టదు. గా దినాలు గోలీ ఎట్లేసుకుంటది?"

అన్నం తినకున్నా నీళ్లతో వేసుకోవచ్చని, ఒక్కపూట కూడా మానొద్దని పక్కన కూర్చొని చెప్పాను. అన్నిటికీ తలూపింది. ఎందుకో అనుమానమొచ్చి ఆమెకూ బీపీ చూశాను. అక్కను తెచ్చిన రోజు అక్కకు ఎంత ఉందో, ఇంచుమించు అంతే ఉంది.

"నీకిచ్చిన బీపీ గోలీలేవమ్మా?" అన్నాను.

కొంగుముడి విప్పి చూపించింది. అన్నీ అలాగే ఉన్నాయి.

"అక్క మాట్లాడెదాంక అన్నం ముట్టనని మొక్కిన. పాలు తాగుతున్న. గోలీ మింగితే ఒక్కపొద్దు చెడుతది."

ఇంతసేపూ నేను చెప్పింది ఎవరికని వార్డంతా వినేలా అరిచాను. ఆమె నొచ్చుకోలేదు.

"మీరు ఫికర్ జెయ్యకుండ్రి. రేపో మాపో అక్క మాట్లాడుతది" అని నాకే ధైర్యం చెప్పింది.

బాలమణమ్మకు ఇక మాట రాదని డాక్టరుగారు మధ్యాహ్నమే అన్నారు. ఆ సంగతి అంజమ్మకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.