తలుపు రంగు

అన్నయ్యా,

సాక్షులతో మాట్లాడకూడదని నీ సస్పెన్షన్ కాగితంలో రాశారు. ఉత్తరం రాయకూడదని ఎక్కడా రాయలేదు. ఇన్నేళ్ళు కోర్టులో పనిచేసినదాన్ని, ఈపాటి సందు వెతుక్కోలేనా? నువ్వైనా నవ్వుకో. నాకు నవ్వు రావడం లేదు.

ఇవాళ విచారణ గదిలో నిన్ను పదిహేడు రోజుల తర్వాత చూశాను. గడ్డం మాసింది. చొక్కాకి పై గుండీ ఊడింది. వదిన ఉంటే నిన్నలా గడప దాటనిచ్చేదా?

ఆ బట్టలు కుట్టే ఆవిడ నీ ఎదురుగా నిలబడే ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు. ఆవిడకి నువ్వు అందించాల్సిన కోర్టు నోటీసు వెనక రాసిన నివేదికని విచారణాధికారి చదివారు. "ఇంటికి తాళం వేసి ఉంది. నోటీసు తలుపుకు అంటించాను." తర్వాత ఆవిడని అడిగారు, తలుపు మీద నోటీసు చూశారా అమ్మా అని.

"మా ఇంటికి తలుపే లేదండీ. గోనెపట్టా కట్టుకున్నాం. దానికి తాళం ఎలా వేస్తారండీ?" అంది ఆవిడ.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నోటీసు అందినా కోర్టుకి రాలేదని ఆవిడ మీద తీర్పు ఇచ్చేశారు కదా. ఇల్లు కూలగొట్టే మనుషులు వచ్చిన రోజునే తన మీద కేసుందని తెలిసిందట. కుట్టుమిషను ఒక్కటే బయటికి లాక్కోగలిగిందట.

తర్వాత నన్ను పిలిచారు. నివేదికలు తీసుకునే బల్ల నాదే కాబట్టి, ఈ రాత ఎవరిదో చెప్పమన్నారు. నువ్వు నా వైపు చూసి తల అడ్డంగా ఊపావు, ఈగని తోలుకున్నట్టు. నేను "మా అన్నయ్యదే" అన్నాను.

ఆ రాత నాది అన్నయ్యా. వదిన ఆసుపత్రిలో ఉన్న మూడు నెలలు నీకు సెలవులు లేవు. పొద్దున్నే వచ్చి నోటీసుల కట్ట నా బల్ల మీద పడేసి పరుగెత్తేవాడివి. నేను చూసుకుంటానని నేనే అన్నాను. కొన్నిటికి భోజనాల వేళ నిజంగానే తిరిగాను. ఆవిడ ఇల్లున్న కాలవ అవతలికి మాత్రం వెళ్ళలేదు. ఎండగా ఉంది, కాళ్ళు పీకుతున్నాయి, అంతే. కుర్చీలోంచి లేవకుండా ఆ వాక్యం రాసేశాను. నువ్వు నన్ను నమ్మి, చదవకుండా సంతకం పెట్టావు. పలక మీద నా చెయ్యి పట్టుకుని దిద్దించింది నువ్వే కాబట్టి మన రాతలు ఎవరూ వేరు చేయలేరు.

నేను వెళ్ళి నిజం చెప్పేస్తాను. నువ్వు ఊఁ అను చాలు.

నీ సిరాబుడ్డి

*

సిరాబుడ్డీ,

ఊఁ అనను. నోరు మూసుకుని నీ పని చేసుకో.

సంతకం నాది. సంతకం పెట్టినవాడే ఆ గుమ్మం దాకా వెళ్ళినట్టు. అది తెలిసే పెట్టాను. ఇంట్లో అడుగుపెడితే ఏమైందని అడిగేవాళ్ళు నాకెవరూ లేరు. నీకు ఇద్దరు పిల్లలు. మంచి మనిషే గానీ బావకి పరువు మీద పట్టింపు ఎక్కువ. నిన్ను తీసేస్తే ఇంటిల్లిపాదీ తలెత్తుకోలేరు.

ఇంకో మాట. మీ వదిన పోయేటప్పుడు నా చెయ్యి ఆవిడ చేతిలోనే ఉంది. అప్పుడు నేను ఏ వీధిలోనో తలుపు తడుతూ ఉండాల్సినవాణ్ణి. ఆ మూడు నెలలు నువ్విచ్చినవే. నాకు అంతకంటే ఏం కావాలి?

నిన్న ఆ కుట్టుపని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఒక దుకాణం అరుగు మీద మిషను పెట్టుకుంది. చొక్కా గుండీ ఊడిందన్నాను. గుండీ కుట్టించుకుని వచ్చేశాను. నన్ను గుర్తుపట్టిందనే అనుకుంటాను. గుండీ మాత్రం గట్టిగానే కుట్టింది.

ఈ ఉత్తరం చించెయ్.

మీ అన్నయ్య

*

అన్నయ్యా,

చించలేదు. నీ మాట కూడా వినలేదు.

నేనే రాశానని చెబితే విచారణాధికారి మొదట నమ్మలేదు. తన ఎదుటే రాయమన్నారు. రాశాను. "ఇది మీ అన్నగారి రాతేనమ్మా. ఆయన కోసం మీరు నెత్తిన వేసుకుంటున్నారు," అని జాలిపడ్డారు. చూశావా, నువ్వు దిద్దించిన అక్షరాలు నాకే ఎదురు తిరిగాయి. అప్పుడు నీ పాత నివేదికల కట్టలు తెప్పించమని అడిగాను. ఆయనే చదివారు. "ఆకుపచ్చ తలుపు, కుడి రెక్కకి గడియ లేదు." "తలుపు పసుపు, మీద పిల్లల సుద్దగీతలు." "కొత్త చెక్క, ఇంకా రంగు వేయలేదు." ఇరవై ఆరేళ్ళలో నువ్వు రంగు రాయని తలుపు ఒక్కటీ లేదు.

కళ్ళజోడు తీసి, "దీనికి మాత్రం రంగు లేదేం?" అన్నారు.

"రాసిన నాకు తెలియదండీ. వెళ్ళలేదు కాబట్టి," అన్నాను.

ఆ తర్వాత ఆవిడ దగ్గరికి నేనూ వెళ్ళాను. గుండీ వంక పెట్టుకోలేదు, ఉన్నదంతా చెప్పేశాను. మిషను ఆపకుండా వింది. చివరికి "ఒక్కసారి వచ్చుంటే చూసేవారు కదమ్మా," అంది. తిట్టినా బాగుండేది. కేసు మళ్ళీ మొదటినుంచి వింటారట. ఇల్లు మాత్రం ఇక లేదు. నేను ఏడ్చినా అది లేచి నిలబడదు.

చదవకుండా సంతకం పెట్టినందుకు నీ పదోన్నతి ఆపేసి, నిన్ను తిరిగి పనిలోకి తీసుకున్నారని తెలిసింది. నన్ను తీసేస్తారనీ తెలుసు. ఆ కాగితం నువ్వు తెస్తావని మాత్రం అనుకోలేదు. ఇంకెవరికైనా అప్పగించమని అడగవచ్చు కదా!

గుమ్మంలో నిలబడి, ఎవరో ముక్కూమొహం తెలియనిదాన్ని అడిగినట్టు నా పేరు అడిగావు. చెప్పాను. "మామయ్యా, లోపలికి రా," అని చిన్నది చెయ్యి పట్టుకు లాగితే "డ్యూటీలో ఉన్నానమ్మా," అన్నావు. గోడకి కాగితం ఆనించి నివేదిక రాసి, నకలు నా చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయావు. కోపమొచ్చిందనుకున్నాను. మీ బావ కూడా అదే అన్నారు.

పిల్లలు పడుకున్నాక నకలు విప్పి చదివాను. నువ్వు రాసింది నీకే మళ్ళీ రాస్తున్నాను.

"ముదురు నీలం తలుపు, అడుగున పెచ్చులూడింది. తాళం లేదు, తీసే ఉంది. ఉత్తర్వు ఆమె చేతికే ఇచ్చాను. ఆమెను ఎలా గుర్తించారు అన్నదానికి జవాబు: నా చెల్లెలు."

నీ సిరాబుడ్డి