బాబాయితో నాన్న ఫోటో

అమ్మా,

దేవుడి దయవల్ల ఒంట్లో బాగానే ఉంది, మనసే కుదురుగా లేదు. ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచీ రోజూ ఇల్లిల్లూ తిరిగి సువార్త చెబుతున్నాం. మొన్న ఇస్త్రీ కొట్టు ఆవిడకి క్షమించడం గురించి చెబుతుంటే, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "మా చెల్లితో నాకు మాటల్లేవు. మీ ఇంట్లో అందరూ మాట్లాడుకుంటారా?" అని అడిగింది. పక్క వాటాలోనే ఉంటూ మొహాలు చూసుకోని నాన్నా బాబాయీ గుర్తొచ్చారు. అయినా "మాట్లాడుకుంటారండీ" అనేశాను. ఆ మాట పట్టుకుని ఆవిడ ఆ సాయంత్రమే చెల్లెలి ఇంటికి వెళ్ళిందట! ఇప్పుడు అక్కచెల్లెళ్ళిద్దరూ కొట్లో కూర్చుని, మీ వాళ్ళ ఫోటో చూపించమని వెంటపడుతున్నారు. ఆ వీధిలోకి వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు. ప్రార్థనలో కూర్చున్నా అదే ధ్యాస.

నాన్నా బాబాయీ కలిసి దిగిన ఫోటో వెంటనే పంపించు. పాతది వద్దు, ఇద్దరి నెరిసిన జుట్టూ కనబడాలి.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లి పరీక్షలు ఎలా రాసింది?

కవరులో పెడితే నువ్వు దాచేస్తావని కావాలనే కార్డు రాశాను. నాన్నని చదవనీ. మీ ఇద్దరికీ వందనాలు. బాబాయికి నా వందనాలు మాత్రం నాన్న చేతే చెప్పించు.

నీ పెద్దమ్మాయి