ఏవరిల్ పేరున పూసిన పూలు

లడ్లో,
సెప్టెంబరు 20

అమ్మకు,

ఎడ్మండ్ నమస్కరించి రాసేది. నేనూ కుక్కా కులాసా. సముద్రపు గాలి నీ మోకాలికి పడిందనీ, చెల్లి డిలిస్ నిన్ను మరీ గదమాయించడం లేదనీ తలుస్తాను.

ఇంటికప్పు కారుతోందా అని అడిగావు. లేదు, బాగు చేయించాను. ఆపిల్ జామ్‌లో చక్కెర ఎక్కువైందా అన్నావు. అయింది, అయినా సీసా ఖాళీ చేశాను. "నా పువ్వు పూసిందా?" అన్నావు. దీనికి జవాబు రాయడానికే పదిరోజులు పట్టింది.

నాన్న రెండు వందల రకాల ఆస్టర్ పూలమొక్కలను దేశం కోసం కాపాడే పని నా చేతిలో పెట్టి పోయారు. అందులో ఆయన స్వయంగా పుట్టించి, 'ఏవరిల్' అని నీ పేరు పెట్టిన రకం ఒక్కటే. "పువ్వు వాడగానే తల కొయ్యరా, గింజ రాలనివ్వకు. ఆస్టర్ గింజకి తల్లి పోలిక రాదు" అని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవారు.

ఆయన పోయిన ఏడాది, తోట చూడడానికి జనం వచ్చే రోజు వాయిదా పడింది. మళ్లు నిండుగా కనబడాలని వాడిన పూలు కొయ్యలేదు. గింజలు రాలాయి. దుబ్బులోనే మొలకలు లేచి అసలు మొక్కను మింగేశాయి. పేరు చీటీ మాత్రం అక్కడే ఉంది. "ఏవరిల్ ఎంత ఏపుగా ఉందో!" అని వచ్చినవాళ్లు మెచ్చుకుంటే పొంగిపోయాను.

నాన్న దగ్గర పాతికేళ్లు పనిచేసిన మేబెల్ గారు నిరుడు వచ్చి చూశారు.

"ఇది మీ అమ్మ కాదబ్బాయ్. ఆవిడ నా మోకాలు దాటదు. ఇదేమో నడుం దాకా వచ్చింది."

"మీకు చూపు ఆనడం లేదు" అన్నాను.

"చూపు ఆనకపోతేనేం, నా నడుం ఎక్కడుందో నాకు తెలుసులే."

నాన్న పుస్తకంలో ఒత్తిపెట్టిన పువ్వుతో పోల్చాను. ఆవిడదే నిజం. ముందుజాగ్రత్తకని నాన్న పిలకలిచ్చిన రెండు తోటలకూ ఫోన్ చేశాను. ఆ మధ్య ఏవరిల్ పేరుతో నేను పంపిన పిలకలు బలంగా ఉన్నాయని పాతవి పీకేశారట. నా మాట నమ్మి పీకేశారమ్మా. నీ పువ్వు ఇక ఎక్కడా లేదు. ఏడాదంతా దాచి, నిన్ననే వాళ్లకు నిజం రాశాను. జాబితాలో పేరు కొట్టేశాను.

అంతకన్నా పెద్ద తప్పు ఒకటుంది. ఇదంతా తెలిసిన రెండు వారాలకు నువ్వు వచ్చావు. "ఆయనకి నా పువ్వంటేనే ఇష్టం" అంటూ గుత్తి కోసి, చర్చి వెనక నాన్న సమాధి మీద పెట్టావు. నేను నోరు విప్పలేదు. కత్తెర అందించింది నేనే. అది తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది.

శనివారం తప్పకుండా రా. ఈసారి కోయడానికి నీ పేరున ఏమీ లేదు. తిట్టాలనుంటే నాన్న దగ్గర నిలబడే తిట్టు. ఆయన కూడా వినాలి.

ఇట్లు,
నీ పేరు నిలబెట్టలేకపోయిన కొడుకు,
ఎడ్మండ్