పద్నాలుగు రోజుల పిలుపు

గూళూరు,
ఆగస్టు 6

చెల్లెలు అంజనమ్మకు, నీ అన్న పిళ్ళప్ప ఎవరితోనూ రాయించకుండా తన చేత్తోనే రాసే జాబు.

ఇక్కడ అందరం బాగుండాము. ఆక్లండులో నువ్వూ బావా బాగుండారని మా గిరీశ్ చెప్పినాడు. నేను అడగలేదు, వాడే చెప్పినాడు.

నా మేనకోడలు నేత్ర పెండ్లికి నువ్వు పంపిన పిలుపు కాగితం గిరీశ్ ఫోనుకు వచ్చింది. బాగేపల్లిలో ప్రింటు తీయించి, ఇంగ్లీషులో ఉండేదానికి అర్థం చెప్పమన్నాను. కొడుకు సగం చెప్పి ఊరుకున్నాడు. గట్టిగా అడిగితే మిగతా సగం చెప్పినాడు.

‘ఇతను పద్నాలుగు రోజులు మా ఇంట్లో ఉంటాడు. ఇతని తిండి, పడక మేమే చూసుకుంటాము. పెండ్లి అయినాక ఇతను తిరిగి తన దేశానికి పోతాడని హామీ ఇస్తాండాను.’

సోదరమామను పిలిచేది ఇట్లేనా? పెండ్లికూతుర్ని మంటపానికి ఎత్తుకొని తెచ్చేవాడు నేను. మన ఇండ్లలో పెండ్లికి పిలవల్లంటే మనిషి గడప దాటి వచ్చి, కుంకుమ పెట్టి, తాంబూలం ఇచ్చి పిలుస్తారు. నువ్వు పిలిచే ముందరే ఎప్పుడు పోవల్లో చెప్తాండావు. నేను మీ ఇంట్లోనే నిలిచిపోతానని భయమా? నాకు రెండు ఆవులు, ముప్పై మేకలు ఉండాయి. నేను రాను.

ఫోను చెయ్యొద్దు. ఫోనులో నా మాట సగంలో ఉండంగానే నువ్వు అందుకుంటావు. జాబులో అయితే నా మాట పూర్తవుతుంది.

ఇట్లు,
కోపంగా ఉండే అన్న,
పిళ్ళప్ప

మరిచింది: నేత్రను కన్నప్పుడు నువ్వు చింతామణి నుంచి పురిటికి వచ్చి ఐదు నెలలు మా ఇంట్లో ఉంటివి. మేమేమైనా హామీ పత్రం రాయించుకున్నామా?


ఆక్లండు,
ఆగస్టు 10

అన్నకు అంజనమ్మ దండాలు.

నువ్వు ఫోను ఎత్తవు కాబట్టి నేనూ కాగితం మీదే రాసి, ఫోటో తీసి గిరీశ్‌కు పంపిస్తాండాను.

అది పెండ్లి పిలుపు కాదు. అది నీకు వీసా ఇచ్చే వాళ్ళకు రాసిన కాగితం. వచ్చినవాళ్ళు తిరిగి పోతారా లేదా అనేదే వాళ్ళ దిగులు. మా అన్న కోపిష్టి, తాంబూలం చేతిలో పెడితేనే కదులుతాడని వాళ్ళకు రాస్తే వీసా రాదు. పెండ్లిపత్రిక వేరే అచ్చు అయితాండాది. చింతామణిలో ఉండే మా ఆడపడుచు అంబిక మీ గడపకు వచ్చి, కుంకుమ పెట్టి ఇస్తుంది. ఆమెతోనైనా సరిగ్గా మాట్లాడు.

పాస్‌పోర్టు చిక్కబళ్ళాపురం పోయి చేయించినావని గిరీశ్ అన్నాడు. సంతోషం. ఇంకా మూడు కాగితాలు కావల్ల. నీ బ్యాంకు పుస్తకం, మన భూమి పహణి, మన ఇంటి వంశవృక్షం. వంశవృక్షం మాత్రం మరవొద్దు. నాడకచేరి ఆఫీసులో నువ్వే నిలబడి తీసుకో, గిరీశ్‌ను పంపొద్దు.

నీ చెల్లెలు,
అంజనమ్మ

మరిచింది: నేత్ర అరవై నాలుగు కిలోలు ఉండాది. ఇప్పట్నుంచే రాగుల మూట ఎత్తి అలవాటు చేసుకో.


గూళూరు,
ఆగస్టు 19

అంజనమ్మకు పిళ్ళప్ప రాసేది.

అంబికమ్మ వచ్చింది. కుంకుమ పెట్టింది. కాఫీ తాగి పోయింది. ఆమె మర్యాదస్తురాలు. నీ సంగతి వేరే.

పహణి, వంశవృక్షం అడిగినావు. ఆ జాబు తీసుకొని బాగేపల్లిలో తాలూకాఫీసు ముందర అర్జీలు రాసే మునిశామప్ప దగ్గరికి పోయినాను. ఆయన చదివి కండ్లద్దాలు తీసి పక్కన పెట్టినాడు. అట్ల పెట్టినాడంటే విషయం చెడ్డదని అర్థం. “పిళ్ళప్పా, ఈ రెండు కాగితాలు కలిపి అడిగేవాళ్ళు పెండ్లికి అడగరు. భాగానికి అడుగుతారు” అన్నాడు.

నాకు అప్పుడు అంతా తెలిసిపోయింది. నేను ఫ్లైటెక్కి పోతాను, ఇక్కడ నీ లాయరు కోర్టుకు పోతాడు. నాయన విడిచిపోయిన ఆరెకరాల్లో బోరు వేసింది నేను. మూడు బోర్లు ఎండిపోయినాక నాలుగో దాంట్లో నీళ్ళు చూసింది నేను. నీకు భాగం కావల్లంటే నోరు తెరిచి అడుగు. కూతురు పెండ్లిని అడ్డం పెట్టుకొని అడగొద్దు.

పహణి పంపను. వంశవృక్షం అసలే పంపను. దాని ఊసు ఇంకోసారి ఎత్తొద్దు.

ఇట్లు,
పిళ్ళప్ప

మరిచింది: రాగుల మూట ఎత్తినాను. నడుము పట్టేసి నాలుగు రోజులు పడుకున్నాను. దానికీ నువ్వే కారణం.


ఆక్లండు,
ఆగస్టు 23

అన్నకు,

దండాలు ఈసారి లేవు.

నా జాబులో భాగం అనే మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించు. పద్దెనిమిది ఏండ్లుగా ఇక్కడ షెడ్డులో నిలబడి కివి పండ్లు పెట్టెలకు ఎత్తుతాండాను. ఒక్క దినమైనా ఆరెకరాల మాట ఎత్తినానా? నేను పండ్లు అడిగితే నీకు చెట్టు నరికినట్లు ఉండాది.

నువ్వు నా అన్నవని వీసావాళ్ళు ఎట్ల నమ్మల్ల? నీ కోపం చూసి నమ్మరు. కాగితం చూసి నమ్ముతారు. ఒకే తండ్రికి పుట్టినామని రాసి ఉండే కాగితం మన ఇంట్లో లేదా? ఉంటే చూపించడానికి నీకేం కష్టం?

సరే, రావొద్దు. బావ పెదనాయన కొడుకు నాగరాజ్ దుబాయి నుంచి వస్తాండాడు. సోదరమామ జాగాలో అతను నిలబడి నేత్రను ఎత్తుకొస్తాడు. వరస కుదరకపోయినా చేతులుండాయి.

ఇరవై రోజులు చూస్తాను. తర్వాత నాగరాజ్‌కు పంచె కొంటాను.

అంజనమ్మ

మరిచింది: నాగరాజ్ ఫోను ఎత్తుతాడు.


గూళూరు,
సెప్టెంబరు 11

అంజనమ్మకు,

ఈ జాబు చదివేటప్పుడు పక్కన బావ ఉండకూడదు.

నేను నాడకచేరికి పోయినాను. నువ్వు చెప్పినట్లే నేనే నిలబడినాను. నాయన చనిపోయిన ఏడు రాయించిన వంశవృక్షం నకలు తీసిచ్చినారు. అందులో నాయన నరసింహప్ప ఉండాడు. అమ్మ మునివెంకటమ్మ ఉండాది. కింద ఒకే గీత, ఒకే పేరు. నాది.

నువ్వు లేవు.

ఎవరో తప్పు చేసినారని రాయల్లని ఈ కాగితం ముందర చాలాసేపు కూర్చున్నాను. రాయలేకపోయినాను. భూమి ఖాతా నా పేరుకు మార్చేటప్పుడు అట్ల రాయించింది నేనే. ఆడపిల్లను రాస్తే సంతకానికి చింతామణి నుంచి పిలిపించల్ల, ఆమెకు చీర పెట్టల్ల, ఎందుకు అని మునిశామప్ప అన్నాడు. నేను సరే అన్నాను. ఒక చీర దగ్గర నిన్ను తీసేసినాను. ఇన్నేండ్లు ఆ కాగితం అడిగినవాళ్ళు లేరు.

మొన్న పంచాయతీ ముందర సాక్షులను పిలిచి, నాకు చెల్లెలు ఉండాదని చెప్పించినాను. ఎదురింటి మునిరత్నమ్మ అందరి ముందరా, “అంజనమ్మ పుట్టనే లేదంటే, మా కోడిపెట్టను ఎత్తుకొచ్చి నీకు పులుసు చేసిపెట్టింది ఎవరప్పా” అనింది. ఊరంతా నవ్వినారు. నేను నవ్వలేదు. నీ పేరు ఎక్కించినారు. కొత్త వంశవృక్షం, పహణి, బ్యాంకు పుస్తకం గిరీశ్ పంపిస్తాండాడు.

దీంతో ఏమౌతుందో నాకు తెలుసు. మునిశామప్ప రెండుసార్లు చెప్పినాడు. ఇంక ఆయన దగ్గరికి పోను.

నాకింకా కోపంగానే ఉండాది. ఎవరి మీద అని అడగొద్దు.

అన్న,
పిళ్ళప్ప

మరిచింది: నాగరాజ్‌ను చేతులు కట్టుకొని కూర్చోమను.


ఆక్లండు,
అక్టోబరు 14

అన్నకు అంజనమ్మ దండాలు.

నీకు వీసా వచ్చింది. టికెట్టు గిరీశ్ ఫోనులో ఉండాది. ఊరగాయ సంచిలో పెట్టుకొని రావొద్దు, ఇక్కడ దిగంగానే పారేస్తారు. నడుముకు పట్టీ కట్టుకో. నేత్ర అరవై ఆరు అయింది.

నువ్వు దాచకుండా రాసినావు, నేనూ దాచను. వీసావాళ్ళు వంశవృక్షం అడగలేదు. నీ పాస్‌పోర్టులో నాయన పేరు ఉండాది, నా దాంట్లోనూ ఉండాది, వాళ్ళకు అది చాలు. అడిగింది నేనే.

పన్నెండేండ్ల కిందట అమ్మ దినానికి వచ్చినప్పుడు నాడకచేరిలో ఆ పాత వంశవృక్షం నకలు తీసుకున్నాను. అప్పట్నుంచి నా పెట్టెలో ఉండాది. చీరలు తీసినప్పుడంతా కనిపిస్తుంది. అమ్మ దినం రోజు నీతో కొట్లాడడం బాగుండదని ఊరుకున్నాను. తర్వాత, నీ కండ్లతో నువ్వే చూసేదాకా చెప్పకూడదనుకున్నాను. నీకు రెండు నెలలుగా కోపం. నాకు పన్నెండేండ్లుగా.

కోడిపెట్ట సంగతి నిజమే. మునిరత్నమ్మకు ఒక పెట్ట కొనివ్వు.

నీ చెల్లెలు, ఇప్పుడు కాగితంలో కూడా,
అంజనమ్మ

మరిచింది: నేను రాసిన హామీ అట్లే ఉండాది. పద్నాలుగు రోజులే. పదిహేనో రోజు నీతోపాటు నేనూ గూళూరుకు వస్తాండాను. మునిశామప్పను ఊరికే తిట్టుకోవద్దు, ఆయన చెప్పింది సరిగ్గానే ఉండాది. సర్వే చేసేవాళ్ళను మాట్లాడి పెట్టు. బోరు ఉండే పక్క నాది.